ఏడో ప్రశ్న

అక్కడ, ఆ పాత కవుల దేశంలో
మే నెలంటే పూలు.
నిద్రపట్టని మనిషొకడు ఏదో పుస్తకం తిరగేసి
సెలయేటి గట్టున వాలిపోతాడు.
కన్ను మూతపడగానే అసలు కథ మొదలు.

ఇక్కడ మే నెలంటే స్పాట్ వాల్యుయేషన్.
రోహిణి కార్తె. యూనివర్సిటీ మిట్ట మీద రేకుల హాలు.
పూటకి ముప్పై పేపర్లు, ఎర్ర పెన్ను, పులిహోర పొట్లం,
కరెంటు పోయి
ఫ్యాను రెక్కలు లెక్కకి దొరికే వేళ.

ఏడో ప్రశ్న: మధ్యయుగపు ఆంగ్ల స్వప్నకావ్య లక్షణాలు వివరింపుము.
నిర్వచనానికి రెండు, లక్షణాలకి నాలుగు, ఉదాహరణకి నాలుగు.
స్కీము నా చేతిలోనే ఉంది.

పొద్దుట్నుంచీ ఒకే గైడు తాలూకు నకళ్ళు.
ఇరవై తొమ్మిది మందీ ఒకే కల కన్నారు.
ముప్పయ్యోవాడు మాత్రం
"డెఫినిషన్ మర్చిపోయాను మేడమ్" అని మొదలెట్టాడు.

"మా నాన్న మంగళవారాలు కల్లోకి వస్తాడు.
గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.
వొళ్ళంతా నీళ్ళు. అమ్మ ఇప్పుడే గచ్చు కడిగింది కదా అంటాడు.
డీజిలు బాకీ తీరిందా అని అడుగుతాడు.
తీరిందని అబద్ధం చెప్తాను.
నవ్వుతాడు. మాది పెదజాలరిపేట."
అంతే. కింద గీత. తర్వాత పేజీ ఖాళీ.

నిద్రపోయానని ఒప్పుకోను.
తల వాలిందంతే.

ఆ కావ్యాల్లో దారి చూపడానికి ఎవరో ఒకరొస్తారు,
దేవదూతో, డేగో, తెల్లబట్టల రాణో.
నాకు దొరికింది మా డిపార్టుమెంటు అటెండరు సూరప్పడు.
పోయి నాలుగేళ్ళయినా ఖాకీ చొక్కా విడవలేదు.
చేతిలో ఇత్తడి గంట, చెవి మీద సగం కాల్చిన చుట్ట.
"లెగండమ్మా, ఇంకా శానా కట్టలున్నాయి" అని
మెట్లు దింపాడు, మెట్లు, ఇంకా మెట్లు,
కురుపాం మార్కెట్టు మూసిన కొట్ల ముందునుంచి
హార్బరు కాలువ ఒడ్డుకి.

ఎదురుగా డాల్ఫిన్స్ నోస్,
దాహమేసిన జంతువులా సముద్రంలోకి మూతి చాపి.
ఓడల్లేవు. నీళ్ళు రాగిరంగు.
లైట్‌హౌసు పట్టపగలే తిరుగుతోంది.
అవతలి గట్టున ఒకతను వల బాగుచేసుకుంటున్నాడు.
కల్లో దూరాలు పనిచెయ్యవు,
గొంతు నా పక్కనే వినబడింది:

"మా పోలిరాజు గుంటడు ఏటి రాసినాడమ్మా?"

పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను,
ఆ కలల్లో ఏరు దాటకూడదని,
దాటబోయినవాడు మేలుకుంటాడని.
లక్షణాల్లో నాలుగోది. ఒక మార్కు.

తెలిసే చెప్పులు విప్పాను.
నీ గురించే రాశాడు అందామని నోరు తెరిస్తే
నిర్వచనం వచ్చింది,
ఇంగ్లీషులో, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు.
మర్యాదకి తలూపాడతను.
మళ్ళీ వల ముడి వైపు తిరిగాడు.
నీళ్ళు చల్లగా

గంట.
కరెంటొచ్చింది. ఫ్యాను గాలికి హాలంతా కాగితాలు లేచాయి.
ఎవరో టీ గ్లాసు పెట్టి వెళ్ళారు.
చీర అంచు తడిమి చూసుకున్నాను. పొడిగానే ఉంది.
ఎందుకు తడుస్తుంది?

జవాబులో ఊరి పేరు రాస్తే మాల్‌ప్రాక్టీసు, రూలది.
ఆ ఒక్క మాటనీ ఎర్ర పెన్నుతో
తడి గచ్చు మీద నడిచినట్టు
మెల్లగా కొట్టేశాను.
ఆ అబ్బాయి పేరు పోలిరాజో కాదో
కోడ్ నంబరుకే తెలియాలి.

మార్కులు అంకెల్లో వేశాను. ఎన్నో చెప్పను.
పక్కనే 'అక్షరాల్లో' అని ఒక గడి ఉంటుంది.
అది నింపకపోతే కట్ట వెనక్కొస్తుంది.

ఇప్పటికి రెండుసార్లు వచ్చింది.